ఈ గుడ్డను ఎవరు ముట్టారు?

డాగ్ స్క్వాడ్‌లో చేరి నా దగ్గరికి వచ్చే కొత్త పిల్లలంతా ఒకటే అడుగుతారు: "మీ కుక్క ఎంతమంది దొంగల్ని పట్టింది సార్?" నేను ఆ లెక్క చెప్పను. దొంగ కాని మనిషిని పట్టిన సంగతి చెబుతాను. వాళ్ల ముఖాలు మాడిపోతాయి. టీ తాగి, మర్యాదకు ఇంకో పావుగంట కూర్చుని వెళ్లిపోతారు.

నేను పోలీసు శాఖలో డాగ్ హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యాను. కుక్కకు మనిషి జాడ పట్టడం నేర్పి, అవసరం పడ్డ చోటికి తీసుకెళ్లి, అది పోయిన దారిన తాడు పట్టుకుని వెనకాల పరుగెత్తే ఉద్యోగం. సూర్యాపేటలో ఉంటాను. పతకాలు, ప్రమోషన్ల సంగతి మీ ఆఫీసు క్లర్కు నాకంటే బాగా చెబుతాడు, ఆయన్ని అడగండి. ఆయన చెప్పలేనివి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

కుక్కకు దొంగ ఎవరో తెలియదు

మనిషి నడిచిన చోటల్లా వాసన రాలుతుంది. కంటికి కనిపించని చర్మపు పొట్టు, చెమట, కాలికింద నలిగిన గడ్డి, అన్నీ కలిసి కుక్కకు ఒక దారి అవుతాయి. నేర్పడం మొదలుపెట్టినప్పుడు కుక్క చూస్తుండగానే ఒకడు బంతి పట్టుకుని పొలం గట్టు వెనక దాక్కుంటాడు. కుక్క పోయి పట్టుకుంటే బంతి దానిది. తర్వాత చూడకుండా దాక్కుంటాడు. తర్వాత రెండు మలుపులు తిరిగి దాక్కుంటాడు. ఆ తర్వాత అతను వెళ్లిన గంటకు, రెండు గంటలకు వదులుతాం. చివరికి ఆ దారిని వేరే ఇద్దరు అడ్డంగా తొక్కినా సరే, కుక్క తన మనిషిని వదలకూడదు. నెలల తరబడి ఇదే పని. మీకు విసుగొస్తుంది, కుక్కకు రాదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇదంతా అది బంతి కోసం చేస్తుంది. దానికి చట్టం తెలియదు, నేరం తెలియదు. మీరు చూపించిన వాసన ఎవరిదో ఆ మనిషి దగ్గరికి తీసుకుపోతుంది. ఆ మనిషి దొంగా దొరా అన్నది మనం తేల్చుకోవాలి. ఈ ముక్క అర్థం కావడానికి నాకు సగం సర్వీసు పట్టింది.

మాకు నేర్పిన ఉస్తాద్‌ది కోదాడ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఒకరోజు మా ఆరుగురినీ మైదానంలో నిలబెట్టి, "మన మనిషి వేపచెట్టు వైపు ఎల్లాడు, పట్టుకోండి" అన్నాడు. ఒక్కొక్కరం కుక్కను తీసుకుని బయల్దేరాం. ఆరు కుక్కలూ వేపచెట్టు దగ్గరికే పోయాయి. అక్కడ ఎవరూ లేరు. మనిషేమో రెండో పక్క నీళ్ల ట్యాంకు కింద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఒరే నర్సింహా," అన్నాడు ఉస్తాద్, నేనే అందరికంటే ధీమాగా పోయాను కాబట్టి. "తాడు బిగబట్టావంటే నీ బుర్రలో ఉన్నదంతా కుక్క మెడకెక్కుద్ది. అదెటు పోతే అటు పోనీ. ఎనకాల నడవటమే నీ ఉజ్జోగం."

ఆ మధ్యాహ్నం కుక్కలకు అన్నం పెట్టించాడు, మాకు పెట్టించలేదు. "తప్పు మీది. వాటినెందుకు మాడ్చాలి?" అన్నాడు. అప్పుడు ఆకలితో మండిపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

సాన్పి చల్లిన వాకిలి

పుస్తకాల్లో రాయని చిక్కులు మన దగ్గర ఉన్నాయి. హుజూర్‌నగర్ పక్క ఊళ్లలో మిరపకాయలు ఆరబోసిన కల్లం దాటితే కుక్క ముక్కు గంటసేపు పనిచేయదు. వాడపల్లి దిక్కు సిమెంటు దుమ్ము పేరుకున్న రోడ్డు మీద జాడ ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. ఎండాకాలం పదకొండు దాటాక తారు రోడ్డు మీద వాసన ఆవిరైపోతుంది, కుక్క అరికాళ్లు కాలుతాయి. నారుమడి దగ్గర, మంచు పడ్డ గట్టు మీద మాత్రం మీ కుక్క మహారాజు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు మన ఇల్లాళ్ల మర్యాద. ఇంట్లో దొంగలు పడ్డారు, పోలీసు సార్లు వస్తున్నారనగానే చీపురు అందుకుంటారు. ఒక ఊళ్లో మేము దిగేసరికి వాకిలంతా ఊడ్చి, పేడనీళ్లతో సాన్పి చల్లి, ముగ్గు కూడా పెట్టారు. దొంగ నడిచింది ఆ వాకిట్లోనే.

"ఎందుకమ్మా ఊడ్చినవ్?" అంటే, "పెద్ద సార్లు వస్తరాయె, గలీజు వాకిట్ల నిలబెడ్తమా సారూ?" అంది ఆ తల్లి. ఏమంటాం? మా కుక్క రాజా ముగ్గు వాసన చూసి, తుమ్మి, నా ముఖం చూసింది. మజ్జిగ తాగి వచ్చేశాం.

ఇంకో ఊళ్లో పొలం దగ్గరి కరెంటు మోటరు పోయింది. సర్పంచ్ గట్టివాడు. "రేపు పొద్దుగాల పోలీసు కుక్క వస్తది, ఎవని ఇంట్ల కూసుంటదో ఆని సంగతి సూస్తం" అని మైకులో చెప్పించాడు. మర్నాడు మేము పోయేసరికి మోటరు పోయిన చోటే ఉంది, తుడిచి పెట్టినట్టు. రాజా జీపు దిగనే లేదు. ఊరంతా దానికి బిస్కెట్లు తెచ్చిపెట్టింది. నేను మీసం దువ్వుకున్నాను.

కుక్క మీద జనానికి అంత గురి. ఆ గురి ఎటువైపైనా కోస్తుందని ఆ రోజు నాకు తట్టలేదు.

మిర్యాలగూడ మిల్లు

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు. మిల్లు వెనకే యజమాని ఇల్లు. పొద్దున్నే వాకిట్లో పూలు కోస్తున్న యజమాని తల్లి మెడలోంచి ఎవడో పుస్తెలతాడు గుంజుకుని పోయాడు. గుంజిన గుంజుడుకి మెడ తెగింది. ఆమె స్పృహ తప్పింది. పెనుగులాటలో దొంగ భుజం మీది తువ్వాల అక్కడే పడిపోయింది. అరుపు విని కోడలు పరుగెత్తుకుని వచ్చేసరికి సైదులు అనే హమాలీ ముసలామె మీదికి వంగి, మెడ మీద చేయి పెట్టి ఉన్నాడట. చొక్కా నిండా రక్తం. ఆమె కెవ్వుమంది. జనం చేరారు.

నేను రాజాను దింపుతుండగా గుమాస్తా చెవి దగ్గరికి వచ్చాడు. "సారూ, కోడలమ్మ కండ్లార సూసింది. వాడే. కుక్కతోని ఒక్కసారి ఖాయం చేస్తే అయిపాయె."

ఆ మాట వినకుండా ఉండాల్సింది. విన్నాను. అంటే రాజా వాసన చూడకముందే నా బుర్రలో ఒక పేరు పడింది.

గోడ మీద వేసి ఉన్న తువ్వాలను రాజాకు చూపించాను. అది ముందు వాకిట్లో చుట్టూ తిరిగి, సూటిగా రోడ్డు వైపు గేటుకు పోయింది. ముక్కు నేలకు ఆనించి బయటికి లాగింది. 'అటెక్కడికి పోతావు, హమాలీల షెడ్డు ఇటుంది కదా' అనుకున్నాను. పైకి అనలేదు, తాడు కాస్త వెనక్కి గుంజానంతే. రాజా ఆగి, తిరిగి నన్ను చూసింది. మళ్లీ తువ్వాల చూపించాను. ఈసారి షెడ్డు వైపు నడిచింది. బస్తాల పక్కన నలభై మంది హమాలీలు నిలబడి ఉన్నారు. వాళ్లందరినీ దాటుకుంటూ పోయి సైదులు ముందు కూర్చుంది.

"నేను గాదు సారూ," అన్నాడు సైదులు. ముప్పై ఏళ్లుంటాయేమో. "రక్తం కారుతుంటె గాడ పడ్డ తువ్వాల తీసి మెడకు అదిమిన. గంతే."

విన్నాను. కానీ, దొరికినవాడు ఏదో ఒకటి చెబుతాడులే అనుకున్నాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పత్రికవాళ్లు రాజా ఫొటో తీసుకున్నారు, పక్కన నేను.

మూడో రోజు దవాఖానలో ముసలామెకు మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట: "ఆ పిలగాడు ఏమాయె? నా మెడకు గుడ్డ అదిమి పట్టిండు. వాడు లేకుంటె నేను పోయేదాన్ని. గుంజినోడు గేటు దిక్కు ఉరికిండు."

గేటు దిక్కు. రాజా మొదట లాగిన దిక్కు.

తువ్వాల మీద దొంగ వాసన ఉంది. దాని పైన ముసలామె రక్తం, సైదులు చెమట ఉన్నాయి. రాజా రెండు దారులూ నిజమే చెప్పింది. మొదటి దారి దొంగది, నేను తాడు గుంజి మాన్పించాను. రెండోది ఆమె ప్రాణం కాపాడిన మనిషిది, అతణ్ని దొంగను చేశాను. ఆ పుస్తెలతాడు దొరకలేదు. ఆ దొంగ ఎవడో ఈ రోజుకీ తెలియదు.

సైదులును వదిలిపెట్టారు. కానీ వదిలిపెట్టిన సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. మిల్లులో తోటి హమాలీలే అతని పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారట. "ముసలమ్మ పెద్దమనసుతోని ఇడిపిచ్చింది. కుక్క ఉత్తగనే కూసుంటదా?" అన్నారట. నెల తిరక్కుండా అతను హమాలీల ముఠా వదిలేసి ఊరు వెళ్లిపోయాడని విన్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. నా రిపోర్టులో 'వాసనలు కలిసినందున జాగిలం పొరపడినది' అని రాశాను. నేను తాడు గుంజిన సంగతి రాయలేదు. గుడ్డను ఎవరెవరు ముట్టారని నేను అడగలేదన్న సంగతి రాయలేదు. నోరు లేని జీవం మీదికి నెట్టేశాను. రాజా ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది, చివరిదాకా నా చేతి ముద్దే తిన్నది. పోయిన రోజు నేను ఏడ్చిన ఏడుపులో సగం ఈ సిగ్గే.

సైదులు దగ్గరికి పోయి ఒక మాట చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. పోలేదు. పనులున్నాయని నాకు నేను చెప్పుకున్నాను.

నడిగూడెం పక్క ఊరు

పదేళ్లు దాటాయి. నా సర్వీసులో ఆఖరి ఎండాకాలం. అప్పటికి నా దగ్గర తార అనే లాబ్రడార్ ఉంది. నెమ్మదస్తురాలు, కాస్త తిండిపోతు. నడిగూడెం పక్కన ఒక ఊళ్లో మతిమరుపు ఉన్న ముసలావిడ పొద్దున్నే ఇంట్లోంచి వెళ్లిపోయింది, కాలువ దగ్గర, బావుల దగ్గర వెతికారు, దొరకలేదని ఫోను. మేము చేరేసరికి తొమ్మిదిన్నర. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. డెబ్బై దాటిన మనిషి, నీళ్లు లేకుండా, మధ్యాహ్నం దాకా నిలవదు. పదకొండు దాటితే జాడా నిలవదు, మాకు ఉన్నది గంటో గంటన్నరో.

ఇంటి ముందు ఒక మనిషి వాకిలికి అడ్డంగా చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. సొంత భార్యను కూడా గట్టిగా కసురుతున్నాడు: "ఊడ్వకు అంటె ఊడ్వకు!" జీపు దిగి దగ్గరికి పోయాను. జుట్టు నెరిసింది గానీ గుర్తుపట్టాను. సైదులు.

అతనూ గుర్తుపట్టాడు. "కుక్క మారింది గని, మీరు గదే సారు," అన్నాడు.

ఇంకో హ్యాండ్లర్‌ను పిలిపించమంటాడేమో అనుకున్నాను. అనడానికి అతనికి హక్కు ఉంది. అతను లోపలికి పోయి, మూతి కట్టిన ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టాడు.

"మా అమ్మ రైక. రాత్రి ఇడిసింది. ఇంట్ల ఎవ్వల్ని ముట్టనియ్యలే. నేను గూడ ముట్టలే. పట్కారుతోని తీసి కవర్ల ఏసిన. వాకిలి ఊడ్వనియ్యలే."

ముప్పై ఏళ్ల సర్వీసులో గుడ్డను సరిగ్గా తీసి ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. చదువుకున్న ఆఫీసర్లు కూడా చేత్తో పట్టుకుని, జేబులో పెట్టుకుని తెచ్చేవాళ్లు. ఈ పాఠం ఆ మనిషికి ఎక్కడ వచ్చిందో నాకు తెలుసు. నేర్పింది నేనే. కళ్లలో నీళ్లు తిరిగాయి, తార పట్టీ సరిచేస్తున్నట్టు వంగాను.

తార కవరులో ముక్కు పెట్టింది. వాకిలి దాటి, సందు దాటి, ఊరి చివర రెండు బాటలు చీలిన చోటికి తీసుకుపోయింది. కుడి బాట పెద్ద కాలువకు పోతుంది. ఊరి జనమంతా ఆ గట్టు మీదే ఉన్నారు. తార ఎడమ బాట పట్టింది.

వెనక నుంచి కేకలు. "గటు గాదు సారూ! కాల్వ గిటుంది! గీ ముసల్ది రోజు కాల్వ దిక్కే పోతది!" మా వెంట ఉన్న ఎస్సై కూడా, "నర్సింహా, ఒకసారి కాలువ వైపు తిప్పి చూడు," అన్నాడు. నాకూ కాలువే అనిపించింది. టైము తక్కువ ఉంది, తప్పు దారి పడితే మనిషి ప్రాణం పోతుంది. తాడు చేతిలో ఉంది. చిన్నగా ఒక్క గుంజు గుంజితే చాలు, తార తిరిగి చూస్తుంది.

సైదులు నా పక్కనే నడుస్తున్నాడు. కాలువ వైపు చూశాడు, తారను చూశాడు, నా చేతిని చూశాడు.

"తాడు ఇడువు సారూ," అన్నాడు మెల్లగా. "ఆనాడు గుంజినవ్. నేను సూసిన."

పదేళ్లుగా ఎవరికీ తెలియదనుకున్న సంగతి అతను షెడ్డులోంచే చూశాడు. నేను తాడు మొత్తం వదిలి, చివర మాత్రం పట్టుకున్నాను.

తార రెండు పొలాలు దాటింది. కోత అయిపోయిన మళ్లు, ఎండిన కొయ్యకాళ్లు. మధ్యలో ఒకచోట వాసన పోగొట్టుకుని చుట్టూ తిరిగింది. నేను కదల్లేదు. మళ్లీ పట్టుకుంది. గట్టు ఎక్కి, బత్తాయి తోట కంచె పక్కగా పోయి, ఒక గడ్డివాము వెనక ఆగి తోక ఊపడం మొదలుపెట్టింది.

సైదులు తల్లి లింగమ్మ వాము నీడన కూర్చుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. చేతిలో కొడవలి. కోతకు వచ్చిందట. కోత మిషన్ వారం కిందటే ఆ పొలం కోసి వెళ్లిపోయిందని ఆమెకు తెలియదు. కూలోళ్లు ఎవరూ రాలేదని కోపంగా ఉంది.

సైదులు మోకాళ్ల మీద కూలబడి నీళ్లు తాపాడు. ఏడుస్తూనే తిట్టాడు, తిడుతూనే ఏడ్చాడు. ఆమె కొడుకును పట్టించుకోలేదు. తార తల నిమురుతూ, "ఇదెవ్వలి కుక్కరా? డొక్కలు పీక్కపొయినయ్. దీనికి బువ్వ పెట్టిన్రా?" అని అడిగింది. తార డొక్కలకు ఏ లోటూ లేదు.

చెప్పాల్సిన చోట

జీపు దగ్గర సైదులును పక్కకు పిలిచాను. "సైదులూ, ఆ రోజు మిల్లులో తప్పు కుక్కది కాదు, నీది అసలే కాదు. నాది," అన్నాను.

అతను తార వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "నాకు సెప్పుడెందుకు సారూ? నాకు ఎర్కే గద. ఎర్క లేనోళ్లకు సెప్పాలె."

నాలుగు రోజుల తర్వాత యూనిఫాం వేసుకుని, తారను తీసుకుని మిర్యాలగూడ మిల్లుకు పోయాను. అన్నం వేళ. షెడ్డులో హమాలీలు ఇరవై మంది దాకా ఉన్నారు, సగానికి పైగా బీహార్ నుంచి వచ్చినవాళ్లు. నేనెవరో, ఎవరి గురించి చెబుతున్నానో వాళ్లకు తెలియదు. పాతవాళ్లు నలుగురు మిగిలారు. ముఠా మేస్త్రీ ఒకడు, ఇంకో ముగ్గురు. వాళ్ల ముందు నిలబడి, తువ్వాల సంగతి, గేటు సంగతి, తాడు గుంజిన సంగతి అన్నీ చెప్పాను. సైదులు దొంగ కాడు, ఆ రోజు ఒక ప్రాణం నిలబెట్టాడు అని చెప్పాను.

మేస్త్రీ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "గిప్పుడా సారూ?" అన్నాడు. అందులో తిట్టు లేదు, అందుకే ఎక్కువ తగిలింది. తర్వాత చేయి కడుక్కుని, ఫోను తీసి, స్పీకరు పెట్టాడు.

"సైదులూ, నేనురా, మేస్త్రీని. కుక్క సారు వచ్చిండు. అంత సెప్పిండు."

అవతలి నుంచి సైదులు అడిగాడు: "ఎవలెవలు ఇన్నరు?"

"మేం నలుగురం ఉన్నంరా. మిగిలినోళ్లు సచ్చినోళ్లు సచ్చిన్రు, పోయినోళ్లు పోయిన్రు." మేస్త్రీ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "నీ పక్కపొంటి కూసోని బువ్వ తినకపోతిమి. తప్పయింది రా."

అతను ఏడుస్తున్నాడో, ఫోను పక్కన పెట్టాడో తెలియలేదు. నలభై మంది ముందు పోయిన పేరు నలుగురి ముందు తిరిగి ఇస్తే సరిపోతుందా? సరిపోదు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అందుకే మీకు రాస్తున్నాను. గుడ్డ చేతికి రాగానే కుక్కకు చూపించకండి. ముందు దాన్ని ఎవరు ముట్టారో అడగండి. ఎవరైనా చెవిలో పేరు చెప్పబోతే చెవి మూసుకోండి. తప్పు జరిగితే రిపోర్టులో మీ పేరు రాయండి, కుక్క పేరు కాదు.

"సారూ," అన్నాడు సైదులు చివరికి. "ఉన్నరా?"

"ఉన్నా."

"అమ్మ అడుగుతుంది. కుక్కకు బువ్వ పెట్టిన్రా అని."

పెట్టలేదు. పొద్దుటి నుంచి ఈ మాట ఎలా చెప్పాలా అన్న బెంగలో మరిచిపోయాను. ఆ మాటే చెప్పాను. మేస్త్రీ తన డబ్బాలోని అన్నం సగం ఆకులో తీసి తార ముందు పెట్టాడు. అది తినడం అయ్యేదాకా అందరం నిలబడే ఉన్నాం, ఆ తర్వాత వాళ్లు అన్నానికి కూర్చుని, జరిగి నాకు చోటిచ్చారు.